పురిటి మంచం మీద ఎన్‌1

జపనీస్ నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అక్కా, ఎన్‌1 మాటలన్నీ ఏ కోచింగ్‌లో చదివారు?" అని అడుగుతుంటారు. ఎన్‌1 అంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ భాష పరీక్షలో అన్నిటికన్నా పై మెట్టు. పుట్టింట్లో, పురిటి మంచం మీద అంటే నవ్వేస్తారు. నిజంగా అంతే. 2013లో, పాలకొల్లు పక్కన మా పల్లెటూర్లో, ముందు నిండు కడుపుతో, తర్వాత పసివాడితో, సార్వా ఊడ్పుల నుంచి కోతల దాకా సాగిన చదువు అది. డిగ్రీలో చదివినవి ఏం గుర్తున్నాయంటే చెప్పలేను గానీ, అప్పుడు చదివిన మాటల్లో చాలావాటికి ఏది ఇంట్లో ఏ మూల కూర్చుని నేర్చుకున్నానో ఇప్పటికీ చెప్పగలను.

పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం కోసం చెన్నై వెళ్ళాం. అక్కడ శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు జపాన్ వాళ్ళ వాహనాల కంపెనీలు, వాటికి విడిభాగాలు చేసిచ్చే ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. ఇంట్లో ఊరికే కూర్చోలేక భాష నేర్చుకుని, ఎన్‌2 పాసై, అలాంటి ఒక ఫ్యాక్టరీలో ఇంటర్‌ప్రెటర్‌గా చేరాను. ఫ్యాక్టరీ భాష చాలా చిన్న లోకం. ఫుర్యో అంటే డిఫెక్ట్. నోకి అంటే సరుకు అందించాల్సిన తేదీ. కెన్‌సా అంటే ఇన్‌స్పెక్షన్. జెసే షొచి అంటే ఆ డిఫెక్ట్ మళ్ళీ రాకుండా తీసుకునే చర్య. ఈ నాలుగింటినీ అటూ ఇటూ తిప్పితే సగం మీటింగ్ అయిపోయేది. అదే మేనేజర్ భోజనాల దగ్గర పేపర్లో వార్త ఏదైనా ఎత్తాడంటే, నాకు క్రియాపదం తప్ప ఇంకేమీ అందేది కాదు. ఎన్‌1 పాసైతే జీతం మీద ఎలవెన్స్ కూడా ఇస్తామన్నారు. సరే రాసేద్దామని పుస్తకాలు కొన్నాక తెలిసింది నాకు నెల తప్పిందని.

ఈ పరీక్ష సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది 1984 నుంచి ఉంది. మొదట్లో నాలుగు స్థాయిలు ఉండేవి, 2010లో మార్చి ఐదు చేశారు. ఎన్‌5 అన్నిటికన్నా కింద, ఎన్‌1 అన్నిటికన్నా పైన. పాత పద్ధతిలో పై స్థాయికి సుమారు 10,000 మాటలు, 2,000 కంజీలు, అంటే చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలు, రావాలని ఒక లెక్క చెప్పేవాళ్ళు. కొత్త పద్ధతిలో మాటల పట్టిక ఇవ్వడమే మానేశారు. అంటే సిలబస్ లేని పరీక్షన్నమాట, ఏ మాటైనా రావచ్చు. మొత్తం 180 మార్కులు, 100 వస్తే పాస్. అయితే భాషాజ్ఞానం, చదవడం, వినడం అని మూడు భాగాలున్నాయి. ఏ ఒక్కదాంట్లో 60కి 19 రాకపోయినా మొత్తం పోయినట్టే. జూలైలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి పెడతారు. నేను డిసెంబర్‌కి రాద్దామనుకున్నాను. ఆగస్టు ఆఖరుకి పురుడు. మూడు నెలలు టైముంది కదా అని నా లెక్క. మా అమ్మ ఆ లెక్క విని ఏమీ అనలేదు. పిల్లల్ని కన్నవాళ్ళెవరూ అలాంటి లెక్క వెయ్యరని నాకు తర్వాత తెలిసింది.

ఏడో నెలలో శ్రీమంతం చేసి జూన్‌లో పుట్టింటికి తీసుకొచ్చారు. నా చీరల పెట్టె కన్నా పుస్తకాల అట్టపెట్టె బరువుగా ఉందని స్టేషన్లో నాన్న విసుక్కున్నారు. అప్పుడే కాలవలకి నీళ్ళొదిలారు. ఊరి చుట్టూ నారుమళ్ళు పచ్చగా లేస్తున్నాయి. మధ్యాహ్నం వరండాలో నులక మంచం వేసుకుని కార్డులు తయారుచెయ్యడం మొదలుపెట్టాను. మా పెళ్ళి శుభలేఖలు అచ్చేయించినవాటిలో ఒక కట్ట మిగిలిపోయి అటక మీద ఉండేది. వాటి వెనక తెల్లగా, మందంగా, పెన్ను జారడానికి బాగుండేది. ఒక్కో శుభలేఖని నాలుగు ముక్కలు చేసి, ఒక పక్క కంజీలో మాట, రెండో పక్క తెలుగులో అర్థం రాసి, మూలకి చిల్లు పొడిచి పురికొసకి గుచ్చేదాన్ని. రెండో పక్క అక్కడక్కడా వినాయకుడి తొండమో, "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి"లో సగమో ఉండేది. ఆ సందుల్లోనే అర్థం ఇరికించాలి.

మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, పక్కన కూర్చుని చూసేది. "ఏం రాస్తున్నావే బుల్లీ?" అంటే కంజీ అన్నాను. "గంజా?" అంది. ఇక ఆ ఇంట్లో నా చదువు పేరు గంజి చదువయ్యింది. "గంజి అయ్యిందా, భోజనానికి లే" అనేవారు అందరూ.

అర్థాలు తెలుగులో రాయడం నాకు బాగా కలిసొచ్చింది. చెన్నై క్లాసులో అన్నీ ఇంగ్లీషులో చెప్పేవారు. ఇనె అంటే రైస్, మొమి అంటే రైస్, కొమె అంటే రైస్, గొహన్ అన్నా రైసే, పక్కన ఏదో చిన్న వివరణ. ఆ నాలుగింటి మధ్యా నేనెప్పుడూ తికమకపడేదాన్ని. మంచం మీద కూర్చుని వరి, ధాన్యం, బియ్యం, అన్నం అని రాసుకున్నాక ఇంకోసారి ఆ కార్డులు తిప్పి చూసే పనే పడలేదు. నారుమడికి నవషిరొ, నారుకి నఎ, ఊడ్పులకి తఉఎ. ఇవన్నీ పరీక్షలో వస్తాయని కాదు. ఎదురుగా జరుగుతున్న పనికి పేరు తెలియకపోతే నాకు తోచేది కాదు, అందుకని డిక్షనరీలో వెతికి మరీ రాసుకున్నాను. పరీక్షకి చదివేవాళ్ళు ఇలా దారి తప్పకూడదని అందరూ చెబుతారు. నేనైతే తప్పమనే చెబుతాను.

ఆ ఏడు మా ఊళ్ళో ఒకాయన నాట్లు వేసే మిషన్ తెప్పించాడు. దాని మీద ఒక పక్క పసుపుపచ్చ స్టిక్కర్, మీద జపాన్ అక్షరాలు. గంజి చదువు సంగతి ఊరంతా పాకిందిగా, నన్ను పిలిపించారు. అంత కడుపేసుకుని గట్టు మీద నడవొద్దని అమ్మ అడ్డం పడితే, మిషన్నే మా ఇంటి ముందుకి తీసుకొచ్చి ఆపారు. నేను వరండాలోంచి వంగి చూసి, "తిరిగే చోట చెయ్యి పెట్టొద్దు, లాగేస్తుంది అని రాశారండీ" అన్నాను. ఆయన నిరుత్సాహపడ్డాడు. "అంతేనాండీ! అది మాకూ తెలుసండీ, ఇంకేదైనా కిటుకుందేమో అనుకున్నాం" అన్నాడు.

కింది స్థాయిల్లో జపనీస్ తెలుగువాళ్ళకి కొంత తేలిక. క్రియ ఆఖర్న వస్తుంది, విభక్తులు మాట వెనకే వస్తాయి. మనం "తిని చూడు" అంటామే, వాళ్ళూ అచ్చంగా అలాగే తిని, చూడు అనే రెండు ముక్కలు కలిపి తబెతె మిరు అంటారు. వానకీ మెరుపుకీ గుండె దడకీ మనకి ఉన్నట్టే వాళ్ళకీ జంట శబ్దాలు బోలెడు. ఆ ధీమాతోనే ఎన్‌2 దాకా వచ్చేశాను. ఎన్‌1లో ఆ ధీమా నిలవదు. అక్కడ వచ్చే మాటల్లో చాలావరకు చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలతో కట్టినవి. పలికితే అన్నీ ఒకేలా ఉంటాయి. కికో అని ఒక మాట పట్టుకోండి. వాతావరణం కికో, సంస్థ నిర్మాణం కికో, ఓడ రేవులో ఆగితే కికో, పత్రికకి వ్యాసం పంపితే కికో, యాత్రా కథనం కికో, కట్టడానికి పని మొదలుపెట్టినా కికోనే. రాతలో వేరు, నోట్లో ఒకటే. ఈ ఆరు కార్డులూ ఒకే పురికొసకి గుచ్చి, వరసగా తిప్పుతూ ఒక పూటంతా కూర్చున్నాను. సాయంత్రానికి తల వాచిపోయింది.

ఆగస్టు మొదట్లో గోదావరికి వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర గేట్లన్నీ ఎత్తేశారని టీవీలో చెబుతున్నారు. లంక ఊళ్ళలో ఉన్న మా చుట్టాలు కొందరు పిల్లల్నీ గేదెల్నీ వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చేశారు. మామ్మకి మాత్రం ఏ వరదా ఆనదు. "ఎనభై ఆరులో వచ్చింది వరదంటే" అని మొదలుపెట్టేది. 1986 ఆగస్టులో వచ్చిన ఆ వరద ఏటిగట్టుని ఎక్కడెక్కడ తెంపిందో ఊళ్ళ పేర్లతో సహా చెప్పేది. ఇల్లంతా జనం. చదువుకోవడానికి చోటు లేక కాలవ గట్టున చింతచెట్టు కింద కుర్చీ వేయించుకున్నాను. కాలవలో ఎర్రనీరు, చెత్తా చెదారం, గుర్రపుడెక్క కొట్టుకుపోతున్నాయి.

కంజీలో నీటికి సంబంధించిన అక్షరాలకి చాలావాటికి ఎడమ పక్కన మూడు చుక్కల్లాంటి గీతలుంటాయి. దాన్ని సన్‌జుయి అంటారు. ఆ పూట అనుకున్నాను, ఈ మూడు చుక్కలున్నవన్నీ ఒకేసారి పట్టేద్దామని. వరద పొంగి గట్టు దాటితే హన్‌రన్. ఆ మాటలో రెండు అక్షరాలుంటే రెండిటికీ మూడేసి చుక్కలు. బురద ప్రవాహం దకుర్యూ, రెండిటికీ చుక్కలే. నీరు ఇళ్ళలోకి వస్తే షిన్‌సుయి. ఊబిలాంటి చెరువు నుమ, పంటకాలవ పక్కన బోదెలాంటిది మిజొ, లోతు తక్కువ చోటు అససె. చుక్కలు లేనివి కూడా పనిలో పనిగా రాసుకున్నాను. ఏటిగట్టుకి తేబో. లాకు తలుపులకి సుయ్‌మొన్. ఏటి మధ్య ఇసుకమేటకి నకసు, అంటే మా చుట్టాలు ఖాళీ చేసి వచ్చిన లంకలాంటిదే. ఒక్కో కార్డు రాయడం, తలెత్తి కాలవ చూడడం. లంక నుంచి వచ్చిన మా బాబాయి వెనక నిలబడి, "అమ్మాయ్, ఇందాకట్నుంచీ ఏం లెక్క రాస్తున్నావు, నష్టపరిహారానికా?" అని అడిగాడు. అప్పటికే తాసిల్దారు ఆఫీసు వాళ్ళు పేర్లు రాసుకెళ్ళారు, నేను కూడా అదే పని మీద ఉన్నాననుకున్నాడు పాపం.

వరద తీసింది గానీ వెంటనే బస్సులు ఆగిపోయాయి. జూలై ఆఖర్న రాష్ట్ర విభజన నిర్ణయం చెప్పారు కదా, ఆగస్టు మధ్య నుంచి మా వైపంతా సమ్మెలు, బంద్‌లు. మావారు చెన్నై నుంచి పంపిన పుస్తకాల పార్సిల్ ఎక్కడ ఆగిపోయిందో తెలియదు. అందులో ఉన్నదంతా నాకు భయమున్న విభాగమే, మాట వాడకం గురించి. ఒక మాట ఇచ్చి, దాంతో నాలుగు వాక్యాలు రాస్తారు. మూడిట్లో ఆ మాట తప్పుగా వాడతారు, ఒక్కటే సరైనది. అర్థం బట్టీ పట్టినవాడు నాలుగూ సరైనవే అంటాడు. ఆ పార్సిల్ వచ్చేసరికి పిల్లాడికి బారసాల కూడా అయిపోయింది.

పిల్లాడు ఆగస్టు ఆఖరి వారంలో పుట్టాడు. బంద్ రోజు, రోడ్డు మీద టైర్లు కాలుతుంటే, కారు అద్దానికి "గర్భిణి" అని కాగితం అంటించుకుని పాలకొల్లు వెళ్ళాం. కుర్రాళ్ళు టైర్లు పక్కకి లాగి దారిచ్చారు. దాని గురించి ఇంకెప్పుడైనా రాస్తాను.

ఇంటికొచ్చాక మామ్మ రాజ్యం. తలకి గుడ్డ, చెవుల్లో దూది, పొద్దున్నే కాయం ఉండ, మధ్యాహ్నం వెల్లుల్లి కారం, పాలు పడడానికి సొరపిట్టు, సాయంత్రం సాంబ్రాణి. చన్నీళ్ళు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద ఆంక్ష కళ్ళ మీద. "బాలింత అక్షరం చూడకూడదు. ఇప్పుడు చూశావా, నలభై ఏళ్ళకే గుడ్డిదానివవుతావు" అని నా పుస్తకాలన్నీ తీసుకెళ్ళి ధాన్యం గాదె పక్కన పెట్టేసింది. ఏడ్చినంత పని చేశాను. అమ్మ నా వైపు ఉన్నా, అత్తగారి మాట కాదనే ధైర్యం ఆవిడకి ఎప్పుడూ లేదు. చెవుల్లో దూది మాత్రం నాకు కలిసొచ్చింది. దూది బదులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పైన గుడ్డ కట్టేసుకునేదాన్ని. వినే భాగం ప్రాక్టీసంతా అలా అయ్యింది. మామ్మ వచ్చి గుడ్డ సవరించి, చెవులు బాగానే మూసుకున్నానని తృప్తిగా వెళ్ళిపోయేది.

చెన్నైలో నాకు చదువు చెప్పిన టీచర్‌గారు జపాన్ ఆవిడ, పెద్దావిడ. ఆవిడకి నా కష్టం మెయిల్లో రాశాను. డాంగిల్ పెట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుంటే తప్ప సిగ్నల్ వచ్చేది కాదు, అందుకని తమ్ముడి చేత పంపించాను. నా మీద జాలిపడి ఏదైనా ఉపాయం చెబుతారనుకున్నాను. ఆవిడ రాసింది వేరు. పురిటికి పుట్టింటికి వెళ్ళే అలవాటు జపాన్‌లో కూడా ఉందట, దాన్ని సతొగఎరి అంటారట. మూడు వారాలు మంచం దిగకుండా ఉండి, ఆ తర్వాత పక్క తీసెయ్యడం వాళ్ళ పాత పద్ధతి, తొకొఅగె. బాలింత చదవకూడదు, సూదిలో దారం ఎక్కించకూడదు, కళ్ళు పాడవుతాయి అని వాళ్ళ ముసలమ్మలు కూడా అనేవారట. ఆవిడ పురుడప్పుడు వాళ్ళమ్మ న్యూస్‌పేపర్ దాచేసిందట. ఆఖర్న, "మీ మామ్మగారి మాట విను" అని రాశారు.

తమ్ముడు ఊరుకోక ఈ మెయిల్ మొత్తం తెలుగు చేసి మామ్మకి వినిపించాడు. ఇంక చూడాలి. "జపానోళ్ళకి కూడా తెలుసే ఈ మాట. మీ అమ్మకే తెలీదు" అంది. అయితే ఆ మెయిల్‌తో మామ్మ కొంచెం మెత్తబడింది కూడా. ఆ దేశం మనుషులు మంచీ చెడ్డా తెలిసినవాళ్ళే అన్న నమ్మకం కుదిరినట్టుంది. బారసాల అయిన మర్నాడు శుభలేఖల కట్ట తనే తెచ్చి, "పుస్తకం కుదరదు. ఇవైతే పెద్ద అక్షరాలు, ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుని చెప్పు" అంది.

అప్పట్నుంచి నాకు పరీక్ష పెట్టేది మామ్మే. ఆవిడకి చదువు రాదు. తెలుగు అక్షరాలే రావు, జపనీస్ ఏం వస్తుంది. దోమతెరకి కార్డులు పిన్నీసులతో గుచ్చి, ఒక్కోటీ తీసి నా మొహం ముందు పెట్టేది. నేను చూసి, కళ్ళు మూసుకుని, మాటా అర్థమూ చెప్పాలి. నేను చెప్పింది సరైనదో కాదో ఆవిడకి తెలిసే మార్గం లేదు. ఆవిడ చూసేది నా మొహం. టక్కున చెబితే కార్డుని కుడి పక్కకి గుచ్చేది. కొంచెం నసిగినా, పెదాలు కదిలి మాట రాకపోయినా, "ఇది నీకు రాలేదు" అని ఎడమ పక్కకి. నేను గడుసుగా ఏదో ఒకటి గట్టిగా చెప్పేసినా పట్టేసేది. "నోటితో చెప్పావు, నీకే నమ్మకం లేదు. ఎడమ" అనేది. మర్నాడు ముందు ఎడమ పక్క కార్డులు. అవి వరసగా కొన్నాళ్ళు టక్కున చెబితే గానీ కుడికి వెళ్ళేవి కావు. కుడివి వారానికోసారి. ఆదివారం తలంట్లు అయ్యాక కుడి పక్కవన్నీ ఒక పట్టు పట్టించేది.

కార్డులు అలా తిప్పే యాప్ చెన్నైలో నా ల్యాప్‌టాప్‌లో ఉండేది. రాని మాట తొందరగా, వచ్చిన మాట ఆలస్యంగా మళ్ళీ చూపిస్తుంది. కాకపోతే అందులో వచ్చిందో రాలేదో నొక్కాల్సింది మనమే, కాబట్టి మనల్ని మనం మోసం చేసుకోవచ్చు. మామ్మ దగ్గర ఆ వీలు లేదు. ఎందరో టీచర్లు నాకు మాటలు నేర్పారు గానీ, ఏ మాట నాకు నిజంగా వచ్చిందో ఆవిడంత కచ్చితంగా చెప్పినవాళ్ళు లేరు.

ఎడమ పక్క నుంచి ఎంతకీ కదలని ఒక గుంపు ఉండేది. షీ అని ముగిసే విశేషణాలు. కొట్టొచ్చినట్టు కనిపించేది ఇచిజిరుషీ, మితిమీరినది హనహదషీ, తలనొప్పి వ్యవహారం వజురవషీ, ఒకటి చూసి ఇంకోటి అనుకునేంత పోలిక ఉంటే మగిరవషీ, హడావుడి అవతదషీ. వీటికి కథ కట్టినా, బొమ్మ గీసినా లాభం లేకపోయింది. అక్టోబర్‌లో కరెంటు ఉద్యోగులు సమ్మెకి దిగారు. ఊళ్ళన్నీ చీకటి. ఫోన్లో ఛార్జింగ్ లేదు, ఇయర్‌ఫోన్స్ లేవు, ఫ్యాన్ లేదు. ఉక్కకి పిల్లాడు గుక్కపట్టి ఏడుపు. ఒక చేత్తో విసనకర్ర, ఒక చేత్తో ఉయ్యాల తాడు. అమ్మ పాడే జోలపాటలన్నీ అయిపోయాయి. ఏం తోచక ఆ విశేషణాలే రాగం తీసి అందుకున్నాను. ఇచిజిరుషీ, హనహదషీ, వజురవషీ, మగిరవషీ. ప్రతిదాని చివర షీ లాగితే వాడికి ఏమనిపించిందో గానీ నోరు మూసేశాడు. రెండో వరసకి రెప్పలు వాల్చాడు. ఆ సమ్మె ఉన్నన్నాళ్ళూ వాడికి అదే జోల. కరెంటు వచ్చాక కూడా అది లేకపోతే పడుకునేవాడు కాదు. అమ్మ, మామ్మ, పక్కింటి అత్తయ్య కూడా నేర్చేసుకున్నారు. మా పక్కింటి అత్తయ్య అయితే హనహదషీ దగ్గర "హనుమదష్టకం" అనేది. ఆ గుంపు మొత్తం అలా ఒకేసారి కుడి పక్కకి దాటింది.

నవంబర్‌లో కోతలు. చేను బంగారంగా ఉందని నాన్న పొద్దున్నే చూసొచ్చి చెప్పేవారు. 22న హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలికీ వానకీ మా వైపు చేలన్నీ పడుకున్నాయి. కోసి పనల మీద ఉన్నది తడిసిపోయింది. కొయ్యనిది నీళ్ళలో పడి రెండు మూడు రోజులకే మొలకొచ్చింది. నాన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పనలు గట్టు మీదకి మోయించారు. రాత్రి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మాట్లాడకుండా అన్నం తిన్నారు. పరీక్ష వారంలో పడింది. ఎలా చదవాలి ఆ ఇంట్లో కూర్చుని? వెళ్ళను లెండి అన్నాను. నాన్న తలెత్తి, "టికెట్ క్యాన్సిల్ చేస్తే డబ్బులు సగమే వస్తాయి" అన్నారు. ఆయన దేన్నైనా అలాగే చెబుతారు.

డిసెంబర్ 1, ఆదివారం పరీక్ష. భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అమ్మ, నేను, పిల్లాడు చెన్నై చేరాం. పరీక్షలో మొదటి పేపర్ 110 నిమిషాలు, మాటలూ వ్యాకరణమూ చదవడమూ కలిపి. కొంత విరామం ఇచ్చి, వినే భాగం అప్పట్లో గంట. ఫోన్ మోగితే బయటికి పంపేస్తారు, ఫుట్‌బాల్ ఆటలోలాగా పసుపు కార్డు, ఎర్ర కార్డు కూడా ఉంటాయి. అందుకని బయట కారులో ఉన్న అమ్మకి పిల్లాడు ఏడిస్తే నాకు చెప్పే దారే లేదు. ఆ టెన్షన్ ముందు ఎన్‌1 టెన్షన్ ఏపాటిది. మొదటి పేపర్లో మాటల దగ్గర చెయ్యి ఆగలేదు. ఒక్కో మాట చూడగానే కుడా ఎడమా అన్నది ముందు తట్టేది, తర్వాతే అర్థం. చదివే భాగంలో పొడుగు వ్యాసాల దగ్గర మాత్రం టైమ్ చాలక చివరి రెండు మూడు గుడ్డిగా నింపాను. విరామంలో గేటు దగ్గరున్న ఆవిడ నా చీర ముందు భాగం తడిసి ఉండడం చూసి, ఏమీ అడక్కుండా తలుపు తీసింది. కారులో కూర్చుని పాలిచ్చి, మళ్ళీ పరిగెత్తాను. వినే భాగం అయ్యాక ప్రశ్నపత్రం కూడా వాళ్ళే తీసేసుకుంటారు, కాబట్టి ఎన్ని ఒప్పో లెక్కపెట్టుకునే వీలు లేదు. రెండు నెలలు అలా ఉండాల్సిందే.

జనవరి ఆఖర్న రిజల్ట్ వచ్చింది. పాస్. చదివే భాగంలో అంతంత మాత్రం, మాటల భాగం మాత్రం నన్ను గట్టెక్కించింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. మామ్మ తీసుకుని, పిల్లాడి జలుబు సంగతి అడిగి, అప్పుడు, "గంజి పరీక్ష పాసయ్యావంటగా, జీతం ఎంత పెంచుతారంట?" అంది. నెలకి మూడు వేలు అన్నాను. కాసేపు లెక్క కట్టుకుంది. అప్పట్లో డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తా సర్కారు రేటు వెయ్యి లోపు.

"మూడు బస్తాలు. దీనికా అంత చదువు?" అంది.

వెనక నుంచి నాన్న గొంతు వినబడింది. "తడిసిన ధాన్యం రేటు కట్టి చూడమ్మా. నాలుగొస్తాయి."